అమ్మమ్మ అసలు పేరు

జూన్ 3, మంగళవారం

గెలిచాం! ఓటింగు ఫలితం పొద్దున్నే మా ఆన్‌లైన్ ఆట చర్చావేదికలో పెట్టారు. ఈ నెల ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నం పన్నెండు నుంచి మా మంచుకొండ మీద ముసుగు పేర్లు ఉండవు. ఆట ఆడాలన్నా, వేదికలో ఒక్క ముక్క రాయాలన్నా గుర్తింపు కార్డు చూపించి, దాని మీదున్న పేరే పెట్టుకోవాలి. ఇష్టం లేనివాళ్ళ ఖాతా ఆ నిమిషానికే మూసేస్తారట.

కొరివిగాడి పీడ విరగడైనట్టే. మా ఆటలో ఒంటరిగా ఎవరూ పైకి పోలేరు. ఒకరు ఎక్కుతుంటే ఇంకొకరు కింద తాడు పట్టాలి. కిందివాళ్ళు "పట్టుకున్నాను" అని రాస్తేగాని పైవాళ్ళు అడుగు కదపరు. ఆ ఒక్క మాట మీదే కొండంతా నడుస్తుంది. "కొరివి" అని పేరు తగిలించుకున్న ఈ వెధవ ఆ మాట రాసి, సగం దాకా ఎక్కనిచ్చి, తాడు వదిలేస్తాడు. పడ్డవాళ్ళని చూసి నవ్వుతాడు. పోయిన నెల పిచ్చుక అని పేరు పెట్టుకున్న మా తోటి ఆటగత్తెని మూడుసార్లు పడేశాడు. చాలదన్నట్టు వేదికలో ఆ పిల్లని అనరాని మాటలన్నాడు. వాటిని ఇక్కడ కూడా రాయను. అందుకే ఓటింగు పెట్టిన రోజున "అసలు పేర్లు ఉండాలి" అన్నదాని మీద వేలు విరిగేలా నొక్కాను. ఇంటిపేరుతో సహా పదిమందిలో పడితే అప్పుడు తెలుస్తుంది వాడికి.

పనిలో కూడా హుషారుగా ఉన్నాను. మా బావమరిది, నాతోపాటే లిఫ్టులు బాగుచేస్తాడు, పది అంతస్తులూ నన్ను వింతగా చూస్తూనే ఉన్నాడు. "ఏంటి బావా, పొద్దుట్నుంచి ఎవర్నీ తిట్టలేదు, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు.

సాయంత్రం

స్నానం చేస్తుంటే తట్టింది. అసలు పేర్లంటే నా పేరు కూడా.

చెంబు చేతిలోనే ఉండిపోయింది.

జూన్ 4, బుధవారం

నేను ఎవర్నీ మోసం చెయ్యలేదు. ముందు ఇది రాసి పెట్టుకుంటున్నాను, తర్వాత మిగతాది.

తొమ్మిదేళ్ళ కిందట లిఫ్టు గుంటలో జారిపడి కాలు విరగ్గొట్టుకుని రెండు నెలలు మంచానికి అతుక్కుపోయాను. మా అత్తగారు పోయి అప్పటికి ఏడాది. ఆవిడ టాబ్లెట్ సొరుగులో పడి ఉంటే పొద్దుపోక తీశాను. అందులో ఈ ఆట ఉంది. మా అమ్మాయి ఎప్పుడో ఆవిడకి పెట్టి ఇచ్చిందట, పేరు రాసే చోట "అమ్మమ్మ" అని కొట్టి. ఆవిడ కొండ అడుగున నాలుగు అడుగులు వేసి ఆపేసింది. అక్కణ్ణుంచి నేను అందుకున్నాను. పేరెలా మార్చాలో తెలియదు. తెలుసుకునే ఓపిక అంతకన్నా లేదు.

మూడో రోజు కాబోలు, ఎవరో రాశారు: "అమ్మమ్మా, ఆ రాయి మీద కాలు పెట్టకండి, ఊడిపోతుంది. తాడు నేను పట్టుకున్నాను, మీరు నెమ్మదిగా రండి."

నెమ్మదిగా రండి! నాతో ఆ మాట అన్నవాళ్ళు ఎవరూ లేరు. లిఫ్టు ఆగిపోయి ఫోన్ చేసేవాడు ఎవడైనా నెమ్మదిగా రమ్మంటాడా? నేను చాలాసేపు ఆ అక్షరాల్నే చూశాను. తర్వాత "చల్లగా ఉండు నాయనా" అని రాశాను. నా జన్మలో ఎవర్నీ నాయనా అని ఎరగను. అది మా అత్తగారి మాట.

ఆవిడా నేనూ ఒకే ఇంట్లో పదకొండేళ్ళు ఉప్పూ నిప్పులా బతికాం. నేను తలుపు గట్టిగా వేస్తే ఆవిడకి కోపం, ఆవిడ నెమ్మదిగా వేస్తే నాకు అనుమానం. అలాంటిది ఆవిడ పోయాక ఆవిడ మాటలు ఒక్కొక్కటీ నా వేళ్ళలోంచి దిగడం మొదలుపెట్టాయి. తల్లీ, బంగారూ, నీ చేతులు పండా, తొందరేముంది. ఎక్కడ దాక్కున్నాయో ఇన్నాళ్ళూ! నోటితో ఒక్కటీ రాదు. టాబ్లెట్ ముందు కూర్చుంటే చాలు, కొత్తగా వచ్చి భయపడుతున్న వాళ్ళందరికీ గంటలు గంటలు ఓర్పుగా దారి చెబుతాను. అది నేనేనా అని నాకే నమ్మకం కుదరదు. తొమ్మిదేళ్ళయినా ఆ ఆశ్చర్యం తీరలేదు.

ఆడా మగా అని ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు. అబద్ధమైతే ఆడలేదు.

జూన్ 5

ఒక్కటి ఆడాను. "తాళ్ళ సంగతి నీకింత ఎలా తెలుసు అమ్మమ్మా?" అని పిచ్చుక అడిగితే, "నలభై ఏళ్ళు బావిలో నీళ్ళు తోడిన చేతులు తల్లీ" అన్నాను.

ఒక్కటే.

జూన్ 7, శనివారం

పిచ్చుక నాకు విడిగా ఉత్తరం పంపింది.

ఆ పిల్ల ఆరేళ్ళ కిందట వచ్చింది. తలమీద చిన్న గోధుమరంగు టోపీ. ఎవర్నీ తాడు ముట్టుకోనిచ్చేది కాదు. ఒక్కతే పది అడుగులు ఎక్కడం, పడటం, మళ్ళీ ఎక్కడం, మళ్ళీ పడటం. చూసి చూసి నేను వెళ్ళి కింద నిలబడి "పట్టుకున్నాను" అని రాశాను. కదల్లేదు. మర్నాడూ రాశాను. అలా పదకొండు రోజులు, పని నుంచి రాగానే అరగంట, తాడు పట్టుకుని నిలబడ్డాను. ఇంట్లో కూర మాడితే రెండు నిమిషాలు ఓర్చుకోని మనిషిని! పన్నెండో రోజు ఆ టోపీ ఒక్క అడుగు పైకి కదిలింది. మా ఆవిడ వంటింట్లోంచి "ఏమైందండీ?" అని పరిగెత్తుకొచ్చింది. నేను అరిచానట.

ఇప్పుడు ఉత్తరంలో రాసింది ఇది. ఆ పిల్లకి పెళ్ళయింది, వాడు కొట్టేవాడు, పారిపోయి వచ్చేసింది. వాడు రెండు ఊళ్ళలో వెతికి పట్టుకున్నాడు. రెండోసారి ఎలా పట్టుకున్నాడో తెలుసా? ఆడమనిషి పేరుతో వేరే చోట స్నేహం కలిపి, అక్కా అక్కా అని పిలిచి, ఎక్కడుందో రాబట్టాడట. అందుకే తాడు ఎవరికీ ఇవ్వలేదు. "నా పేరు చాలా అరుదైన పేరు అమ్మమ్మా. వాడు రోజూ దాని కోసం వెతుకుతుంటాడు. ఆ పేరు ఇక్కడ కనబడిందంటే అయిపోయినట్టే. ముప్పయ్యో తారీఖు పన్నెండుకి ముందే నేను వెళ్ళిపోతాను. ఆరేళ్ళలో నేను నమ్మిన మనిషివి నువ్వొక్కదానివే."

ఆ చివరి వాక్యం దగ్గర టాబ్లెట్ కింద పెట్టేశాను.

జూన్ 8

నొక్కింది నేనే.

జూన్ 10, మంగళవారం

వేదిక నిర్వాహకుడికి మూడు పేజీలు రాశాను. అయ్యా, పేరు దాచుకున్న వాళ్ళందరూ దొంగలు కారు, కొందరు దొంగలనుంచి దాక్కున్నవాళ్ళు, వాళ్ళకో దారి చూపించండి అని. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు. నియమాలు అందరికీ ఒకటే." రెండు నిమిషాల్లో మూడు పేజీలు చదివేశాడంటే వాడి కళ్ళకి దిష్టి తియ్యాలి.

ఆ పిల్లకి నా ఫోన్ నంబరిస్తే చాలు కదా. ఖాతా పోయినా మనిషి దొరుకుతుంది. కానీ ఫోన్ ఎత్తితే వినబడేది లిఫ్టు మెకానిక్ గొంతు. యాభై మూడేళ్ళ మగవాడి గొంతు. ఆడ పేరు పెట్టుకుని ఆరేళ్ళు నమ్మించిన ఇంకొక మగవాడు!

నిజం చెప్పాలి. చెబుతాను.

జూన్ 13

రేపు చెబుతాను.

జూన్ 14

చెప్పలేదు. నెట్ బాగోలేదు.

జూన్ 15

నెట్ బాగానే ఉంది.

జూన్ 18, బుధవారం

ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి, మెయిన్ స్విచ్‌కి తాళం వెయ్యకుండానే కేబిన్ మీదకి ఎక్కాను. మాలో ఎవరు షాఫ్టులోకి దిగినా సొంత తాళం వేసి, దాని చెవి సొంత జేబులో వేసుకోవాలి. ఇంకొకడికి ఇవ్వకూడదు, తమ్ముడికైనా సరే. బావమరిది చూసి పైనుంచి కేకలు పెట్టాడు. "బావా! నీకేమైనా మతి పోయిందా? ఎవడైనా కింద బటన్ నొక్కితే ముక్కలైపోతావు! మా అక్కకి నేనేం చెప్పుకోవాలి?"

తిరిగి ఒక్క తిట్టు కూడా తిట్టకుండా దిగి తాళం వేశాను. దాంతో వాడు ఇంకా భయపడ్డాడు.

జూన్ 22, ఆదివారం

ఎక్కేశాం.

ఉత్తరపు గోడ ఎక్కేశాం! ఆరేళ్ళుగా నలభై సార్లు కిందపడ్డ గోడ. వెళ్ళిపోయే లోపు ఒక్కసారి చివరంటా చూడాలని పిచ్చుక అడిగింది. పొద్దున్న టిఫిన్ కాగానే మొదలుపెడితే మధ్యాహ్నం మూడయింది. ఒకరి తర్వాత ఒకరం. తను ఎక్కితే నేను పట్టడం, నేను ఎక్కితే తను పట్టడం. చివరి రాయి దగ్గర నా వేళ్ళు చెమటకి జారుతున్నాయి. "తొందరేముంది అమ్మమ్మా, నేనున్నాగా" అని రాసింది. నా మాటే, నాకే.

పైన ఏముంటుందో ఎక్కనివాళ్ళకి తెలియదు. ఎక్కినవాళ్ళు చెప్పకూడదని మా వాళ్ళలో ఒక పట్టింపు. నిధి ఉంటుందనీ, కోట ఉంటుందనీ తొమ్మిదేళ్ళుగా వేదికలో కొట్టుకుంటున్నారు.

ఏమీ లేదు. ఇద్దరు నిలబడేంత చదును రాయి, గాలి, అంతే. కిందంతా మేఘాలు. వాటి మీద మా ఇద్దరి నీడలు, ఇంతింత పొడవు, తాడుతో సహా. మార్కులు ఇవ్వలేదు, బాజాలు మోగించలేదు, శభాష్ అనలేదు. అంత ఎత్తుకి తీసుకొచ్చి ఏమీ పెట్టకుండా వదిలేసిన వాడెవడోగాని, వాడికి దణ్ణం పెట్టాను. నిజంగానే చేతులెత్తి పెట్టాను, హాల్లో, సోఫాలో కూర్చుని. ఇది బొమ్మ అని తెలుసు, గాజు పలక మీద రంగులని తెలుసు. తెలిసి కూడా కదలలేకపోయాను. పది నిమిషాలు ఇద్దరం ఆ నీడల్నే చూస్తూ నిలబడ్డాం.

తర్వాత పిచ్చుక రాసింది: "అమ్మమ్మా, నీ నంబరిస్తావా? వెళ్ళిపోయే ముందు నీ గొంతు ఒక్కసారి వినాలని ఉంది."

నేను టాబ్లెట్ ఆపేశాను. ఆపేశాను! ఆ పిల్లని అంత ఎత్తున ఒంటరిగా వదిలేసి.

జూన్ 24, మంగళవారం

మా ఆవిడకి చెప్పేశాను. రెండు రోజులుగా అన్నం కెలుకుతున్నానని, ఎవరితోనైనా గొడవ పడ్డానా అని అడిగింది. గొడవైతే చెప్పడం తేలిక.

మొదట నమ్మలేదు. తర్వాత టాబ్లెట్ లాక్కుని చదవడం మొదలుపెట్టింది. బడిలో లెక్కల టీచరు కదా, మొదటి నుంచీ వరసగా చదువుతుంది. మొదటి అరగంట ఒకటే నవ్వు. "మీరు! బంగారూ అని! నన్ను ఇరవై ఏడేళ్ళలో ఒక్కసారి అన్నారా?" అని దిండు తీసి నామీద విసిరింది. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. తల ఎత్తకుండా చదువుతూనే ఉంది. చూస్తే కళ్ళద్దాల కింద నీళ్ళు కారుతున్నాయి.

"'ఏడుపొస్తే ఏడువు, దానికి మళ్ళీ నా అనుమతెందుకు?' ఇది మా అమ్మ. నా పదో తరగతి ఫలితాలప్పుడు నాతో అన్నది. మీకెలా తెలుసు?"

"నాకు తెలియదే. వచ్చేసింది."

"అప్పుడు మీరు లేరండీ. మన పెళ్ళే కాలేదు."

ఇద్దరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఆవిడ ఆ మాట తర్వాత కూడా ఎప్పుడో ఎవరితోనో అనే ఉంటుంది, నేను పేపరు అడ్డం పెట్టుకుని వినే ఉంటాను. పదకొండేళ్ళు ఆవిడ మాట చెవిన పెట్టనని గొప్పలు పోయాను. ఒక్కటీ వదలకుండా పెట్టుకున్నానన్నమాట.

అప్పుడైనా నోరు మూసుకుని ఉండాల్సింది. ఊరుకోకుండా అడిగాను. "నీ గొంతు మీ అమ్మ గొంతులాగే ఉంటుంది కదా. ఒక్కసారి ఫోన్లో ఆ పిల్లతో..."

టాబ్లెట్ బల్లమీద పెట్టిన చప్పుడుకి నేను ఉలిక్కిపడ్డాను.

"మా అమ్మ గొంతుతో ఆ పిల్లని మోసం చెయ్యమంటారా? వాడెవడో అక్కా అంటూ వేషం కట్టి వెతికి పట్టుకున్నాడని మీరే చదివారు కదా! మీరు రెండోవాడు అవుతారా?"

"నేను వాడిలాంటి వాణ్ణి కాదు."

"అది మీరు చెప్పాలి, ఆ పిల్ల వినాలి. నా నోరు మధ్యలో ఎందుకు?"

తనే కాసేపటికి పక్కన వచ్చి కూర్చుంది. "నిజం చెబితే పోతుందని భయమా?" అంది. అవునన్నాను. "చెప్పకపోయినా పోతోంది కదండీ" అంది. లెక్కల టీచరుతో వాదించకూడదు.

జూన్ 29, ఆదివారం

రాశాను. ఏడుసార్లు కొట్టేసి ఎనిమిదోసారి పంపాను. ఒకటి అమ్మమ్మలా రాస్తే సిగ్గేసింది. ఒకటి నాలా రాస్తే లిఫ్టు కంప్లెయింటులా ఉంది. చివరికి ఎవరిలానూ కాకుండా రాశాను. దాచుకోవడానికి ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"అమ్మా, నేను ఆడమనిషిని కాదు. నాకు యాభై మూడు. లిఫ్టులు బాగుచేస్తాను. తాళ్ళ సంగతి అందుకే తెలుసు, బావి అబద్ధం. అమ్మమ్మ మా అత్తగారు. ఆవిడ ఖాతాలో నేను ఎక్కాను, దిగలేకపోయాను. నీతో రాసిన మంచి మాటలన్నీ ఆవిడవి. రోజూ నీకోసం ఎదురుచూసింది మాత్రం నేను. ఇంకొకటి. అసలు పేర్లు కావాలని ఓటేసిన వాళ్ళలో నేనూ ఉన్నాను. కొరివి మీద కోపంతో వేశాను, నీ సంగతి తెలియదు. తెలియదు కాబట్టి తప్పు కాదని అనను. మొన్న కొండమీద నిన్ను వదిలేసి వెళ్ళాను, దానికి కూడా క్షమించు. నీ పేరు నాకు చెప్పొద్దు, ఊరు చెప్పొద్దు. నా పేరూ నంబరూ కింద రాస్తున్నాను. చెయ్యమని అడగను. చెయ్యకపోతే ఏమీ అనుకోను."

సాయంత్రం ఆరూ నలభైకి చదివినట్టు గుర్తు పడింది. జవాబు లేదు. మా ఆవిడ వచ్చి భుజం మీద చెయ్యి వేసి వెళ్ళింది.

జూన్ 30, సోమవారం

ఇది సరిగ్గా రాయాలి. ఇలాంటిది మళ్ళీ చూడను.

పదకొండంతస్తుల బిల్డింగు పైన మెషిన్ రూములో ఉన్నాం, బ్రేకు లైనింగు మార్చే పని. పదకొండున్నరకి ఫోన్ గోడకి ఆనించి ఆట తెరిచాను. మామూలుగా కొండమీద రెండు మూడు వందల మంది ఉంటారు. ఇవాళ పైన అంకె చూసి కళ్ళు నులుముకున్నాను. నాలుగు వేల చిల్లర. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఏర్పాటు చెయ్యలేదు. ఎప్పుడో మానేసిన వాళ్ళు కూడా వచ్చారు. తోడేలు, రెండుజడలు, అరటితొక్క, సున్నా, పెద్దాయన, ఎవరెవరో. అందరూ ఒకే తాడుకి కట్టుకుని నిలబడుతున్నారు. ఒక కొస లోయలో ఉంది, రెండో కొస నాకు కనబడనే లేదు. ఒక్కొక్కరూ వచ్చి ముడి వేసుకుని, ముందువాళ్ళకి "పట్టుకున్నాను" అని రాస్తున్నారు. పట్టుకున్నాను, పట్టుకున్నాను, పట్టుకున్నాను. తెర మీద అదొక్క మాటే, ఆగకుండా, కిందనుంచి పైకి. బావమరిది వచ్చి వెనక నిలబడి "ఎవరు బావా వీళ్ళంతా?" అన్నాడు. నిజంగా నాకు తెలియదు. తొమ్మిదేళ్ళు వీళ్ళ చేతుల్లో ప్రాణం పెట్టి ఎక్కాను, ఎవరో తెలియదు.

గోధుమరంగు టోపీ వచ్చింది. పదకొండూ యాభైకి. వచ్చి సరిగ్గా నా వెనకే ముడి వేసుకుంది. ఏమీ రాయలేదు. నేనూ రాయలేదు. అది చాలనుకున్నాను. చాలదని కూడా అనుకున్నాను.

పదకొండూ యాభై తొమ్మిదికి టోపీ మాయమైంది. తాడు అక్కడ కొంచెం వేలాడింది. వెనక ఉన్న తోడేలు జరగలేదు, ఆ ఖాళీ ఖాళీగానే ఉంచాడు.

పన్నెండు.

తలల మీద పేర్లు వెలగడం మొదలుపెట్టాయి. లోయ నుంచి పైకి, ఒక్కొక్కటే, ఇంటిపేర్లతో సహా. మగవాడనుకున్న తోడేలు ఒక ఆవిడ. పెద్దాయన పేరు చూస్తే నిన్నమొన్న పుట్టినవాళ్ళకి పెట్టే పేరు. పాతకాలపు పేర్లు, పొడుగు పేర్లు, నోరు తిరగని పేర్లు, తాతల పేర్లు మోస్తున్న పేర్లు. వీటిలో ప్రతి పేరూ ఎవరో ఒకరు పుట్టిన బిడ్డని ఒళ్ళో పెట్టుకుని, ఇదా అదా అని ఆలోచించి పెట్టిందే కదా! నాలుగు వేల మంది బిడ్డలు. ఈ పద్ధతి మీద నాకిప్పుడు కోపమే. అయినా ఆ నిమిషంలో నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. అంత అందంగా ఉంటుందని అనుకోలేదు.

నా తల మీద కూడా వెలిగింది, నిన్న రాత్రే కార్డు చూపించాను. నా ఇంటిపేరు, నా పేరు. దాని కింద తొమ్మిదేళ్ళుగా అమ్మమ్మ రాసిన మాటలు.

తర్వాత ఎవరో రాశారు: "అమ్మమ్మా... మీసాలున్నాయా?"

బావమరిది నా వైపు, ఫోన్ వైపు, మళ్ళీ నా వైపు చూశాడు. "ఇదేంటి బావా, మా అమ్మ ఖాతా కదా ఇది?" అన్నాడు. "తర్వాత చెబుతా, బ్రేకు పట్టుకో" అన్నాను.

జూలై 2, బుధవారం

కొంతమంది నవ్వుతున్నారు. కొంతమంది "తాతమ్మ" అంటున్నారు. ఒకావిడ మాత్రం, నేను దగ్గరుండి నేర్పిన మనిషి, "తొమ్మిదేళ్ళు మమ్మల్ని వెర్రివాళ్ళని చేశావు, నీ మొహం చూపించకు" అని రాసింది. ఆవిడకి తిట్టే హక్కు ఉంది.

జూలై 4, శుక్రవారం

కొరివిగాడు తిరిగొచ్చాడు. ఇంటిపేరు, తండ్రి పేరు, అన్నీ పెట్టుకుని. పొద్దున్న ఇద్దర్ని పడేశాడు, మధ్యాహ్నం ఒకమ్మాయిని అవే బూతులు తిట్టాడు. వాడికి సిగ్గే లేదు. ఉన్న సిగ్గంతా నాకే వచ్చినట్టుంది.

వీడి కోసం ఆ పిల్లని పోగొట్టుకున్నాను.

జూలై 6

ఫోన్ రాలేదు.

జూలై 7

చెయ్యమని అడగనన్నాను కదా. ఛార్జింగు మాత్రం పెట్టి ఉంచుతున్నాను.

జూలై 9, బుధవారం

ఆసుపత్రి వెనక బ్లాకులో లిఫ్టు తలుపు సగంలో ఇరుక్కుంది. మోచేతుల దాకా గ్రీజు. బయట జనం గుమిగూడి విసుక్కుంటున్నారు, ఒకాయన వాచీ చూపిస్తున్నాడు. జేబులో ఫోన్ మోగింది. "తీసి చూడు" అన్నాను బావమరిదితో. వాడు తీసి, కొత్త నంబరని, స్పీకరు నొక్కి నా మొహం ముందు పట్టాడు.

ఒక ఆడగొంతు. నేను అనుకున్నంత చిన్నపిల్ల గొంతు కాదు. నెమ్మదిగా, ఆచితూచి.

"హలో... అమ్మమ్మ గారున్నారా అండీ?"

"రాంగ్ నంబరమ్మా, ఇక్కడ అమ్మమ్మలెవరూ..." అని బావమరిది మొదలుపెట్టాడు. గ్రీజు చేత్తోనే వాడి చెయ్యి పట్టుకుని ఆపాను.

పదిహేను మంది చూస్తున్నారు. నా గొంతు నాకు తెలుసు, కింది అంతస్తులో అరిస్తే పై అంతస్తులో పిల్లలు లేస్తారు. దాన్ని సన్నం చెయ్యడానికి ప్రయత్నించలేదు.

"నేనేనమ్మా. చెప్పు తల్లీ."

అన్నాను. నోటితో! తొమ్మిదేళ్ళు వేళ్ళతోనే వచ్చిన మాట నోటితో వచ్చేసింది, అందరి ముందూ. వాచీ ఆయన చెయ్యి దించేశాడు. బావమరిది మొహం ఎలాగో అయిపోయింది. వాళ్ళమ్మ పిలుపది, వాడికి తెలియకుండా ఎలా ఉంటుంది!

అవతల చాలాసేపు ఊపిరి మాత్రమే వినబడింది. పెట్టేస్తుందనుకున్నాను. వంద మంది తిట్టినా ఆ తలుపు ముట్టుకునేవాణ్ణి కాదు.

"పది రోజులు కోపంగానే ఉన్నాను" అంది చివరికి.

"ఉండాలి మరి."

"ఓటు సంగతి చెప్పకుండా ఉండొచ్చు కదా. నాకు ఎప్పటికీ తెలిసేది కాదు."

"అందుకే చెప్పానమ్మా."

"వాడు ఎప్పుడూ తనకి నష్టమొచ్చే నిజం చెప్పలేదు. ఒక్కటి కూడా." ఆ తర్వాత అంది: "నీ గొంతు ఇంత లావుగా ఉంటుందనుకోలేదు."

"అత్తగారిది సన్నంగా ఉండేది" అన్నాను. అవతల నవ్వింది. ఆ నవ్వు విని అక్కడే ఇరుక్కున్న తలుపుకి ఆనుకుని కూర్చుండిపోయాను.

"స్పీకరు తీసేస్తావా?" అని అడిగింది. బావమరిది గబగబా తీసేసి నా చెవికి ఆనించి, మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు, చెయ్యి నొప్పెట్టినా దించకుండా.

అప్పుడు తన పేరు చెప్పింది. ఎవరూ అడగలేదు, ఏ కార్డూ లేదు, ఏ గడువూ లేదు. ఆరేళ్ళు దాచుకున్నదాన్ని, ప్రాణభయంతో దాచుకున్నదాన్ని, నా చెవిలో చెప్పింది. నాలుగు వేల పేర్లు వెలిగితే చూసినవాణ్ణి, ఈ ఒక్క పేరు మొయ్యలేకపోయాను. కళ్ళ నీళ్ళు తుడుచుకుందామంటే చేతులనిండా గ్రీజు.

ఇక్కడ రాయను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ ముట్టుకోరు. అయినా రాయను.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ ఒకటికి పదిసార్లు అడిగింది, ఏమందీ, ఎలా ఉందీ, మళ్ళీ చేస్తానందా అని. వారానికోసారి చేస్తానంది అని చెప్పాను. "ఇంతకీ పేరేంటటండీ?" అంది.

"మంచి పేరు" అన్నాను.